నొప్పి లేదుగా డాక్టరమ్మా

టంగుటూరులో పొగాకు రైతులు, గ్రేడింగ్ కూలీల కుటుంబాల ముందు ఒక దంత వైద్యురాలు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. ఒక పూట కూలి పోతుందని తెలిసి కూడా పని మానుకుని వచ్చిన అమ్మలకు, అక్కలకు ముందుగా దండం పెడుతున్నాను.

నేను పళ్ల డాక్టరును. మాది ఈ చుట్టుపక్కల ఊరే. మా నాన్నకు పచ్చాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు రెండు ఉండేవి. డెంటల్ కాలేజీలో నేను కట్టిన ఫీజు ప్రతి రూపాయీ వేలంలో బేళ్లు అమ్మగా వచ్చిందే. అందుకని పొగాకు వేసే రైతును తప్పుబట్టడానికి నేనీ మైకు పట్టుకోలేదు. మన నేలల్లో ఆ పంట ఎందుకు వేస్తారో, దాని వెనక అప్పులేమిటో, వేలంలో ధర పలకని రోజు ఇంట్లో పొయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు. పంట సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఇవాళ మన నోటి గురించి, ఆడవాళ్ల ఒంటి గురించి మాట్లాడాలి.

ఇరవై ఏళ్లుగా రోజూ ఒకే మాట వింటున్నాను. నోరు తెరిపించి, టార్చి వేసి, "ఇక్కడ మచ్చ ఉంది పెద్దాయనా, ముక్క తీసి పరీక్షకు పంపాలి" అంటాను. ఆయన నోరు మూసి, కండువాతో తుడుచుకుని, "నొప్పి లేదుగా డాక్టరమ్మా" అంటాడు. నొప్పి వచ్చినప్పుడు వస్తానని చెప్పి వెళ్లిపోతాడు. వస్తాడు కూడా. ఏడాదికో, రెండేళ్లకో వస్తాడు. అప్పటికి నా టార్చితో అయ్యే పని ఏమీ ఉండదు.

ఈ మాటను నేను మొదట విన్నది ఆసుపత్రిలో కాదు, మా ఇంట్లోనే. మా మేనత్త చుట్ట తాగేది. నేను బీడీఎస్ మూడో ఏడు చదివేటప్పుడు మా బంధువుల పెళ్లిలో ఆమె ఆవలిస్తుంటే దవడ లోపలి వైపు తెల్లటి మచ్చ కనపడింది. అదేంటత్తా అన్నాను. "సున్నం తగిలి పొక్కిందిలేవే, నొప్పేం లేదు" అంది. ఆ మచ్చ ఏమిటో అప్పటికే పుస్తకంలో చదివాను, బొమ్మ కూడా చూశాను. అయినా పెళ్లింట్లో ఆ పేరు ఎత్తడానికి నోరు రాలేదు. రెండేళ్లకు అది పుండయింది. ఆ పుండుకు ఒకచోట బీ కాంప్లెక్స్ మాత్రలు, పూతమందు ఇచ్చి పంపారు. మూడు నెలలు అలా గడిచిపోయాయి. ఆపరేషన్ చేసేనాటికి దవడ ఎముకదాకా పాకింది. ఆ పెళ్లి రోజున నేను నోరు తెరిచి ఉంటే అత్త బతికేదా అని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే నాలుగు మాటలు ఎక్కువైనా సరే, ఇవాళ చెప్పాల్సిందంతా చెప్పి పోతాను.

మన పెద్దలు దీన్ని రాచపుండు అనేవారు. పుండు అనగానే మంట, సలుపు ఉండాలనుకుంటాం. క్యాన్సర్ అలా మొదలుకాదు. నోటి లోపలి పొరలో కణాలు అదుపు తప్పి పెరగడం మొదలైనప్పుడు అక్కడ చర్మం కాస్త మందమై తెల్లగా కనపడుతుంది. కొందరికి ఎర్రగా, పట్టుబట్టలా మెరుస్తూ ఉంటుంది. తెల్లమచ్చకన్నా ఈ ఎర్రమచ్చే ఎక్కువ ప్రమాదం. అది లోతుకు దిగి నరాన్ని తాకేదాకా నొప్పి రాకపోవచ్చు. తెల్లమచ్చ ఉన్న ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. చాలామందికి రాదు. కానీ ఎవరికి వస్తుందో పైకి చూసి చెప్పలేం కాబట్టే ముక్క తీసి చూడాలంటాం.

ముక్క తీస్తే పాకుతుందని, కత్తి తగిలితే రేగుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. ఇది ఎలా పుట్టిందో నాకు అర్థమవుతుంది. బాగా ముదిరాక ఆసుపత్రికి వెళ్తారు, అక్కడ ముక్క తీస్తారు, కొన్నాళ్లకు మనిషి పోతాడు. చూసినవాళ్లకు ఆ కత్తే గుర్తుంటుంది. అంతకుముందు పోగొట్టుకున్న ఏడాది ఎవరికీ గుర్తుండదు. నోట్లో మచ్చ నుంచి చిన్న ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. దయచేసి ఈ మాట ఇంటికి వెళ్లి మీ అత్తలకు, మామలకు కూడా చెప్పండి.

ఇదంతా ఎక్కడో తెల్లదొరలు కనిపెట్టి మనకు చెప్పిన విద్య అనుకోకండి. సిగరెట్టుకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సంబంధం ఉందని 1950లో లండన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే పరిశోధకులు చూపించారు. అదే పదేళ్లలో విశాఖపట్నంలో ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు ఒక వింత గమనించారు. మిగతా చోట్ల అరుదుగా వచ్చే అంగిటి క్యాన్సర్ అక్కడి ఆడవాళ్లలో ఎక్కువగా కనపడుతోంది. కారణం అడ్డపొగ. చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. నిప్పు సెగ, పొగ నేరుగా అంగిటికే తగులుతాయి. 1957లో వాళ్లు ఆ సంగతి వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత 1960ల్లో ముంబయి నుంచి వచ్చిన దంతవైద్య పరిశోధకులు దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి 50 వేల మందికి పైగా పల్లెజనం నోళ్లు తెరిపించి చూశారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. ఆశ్చర్యం ఏమిటంటే, వాళ్లు చూసి ఊరుకోలేదు. 1970ల చివర్లో శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ ప్రాంతాల్లో 36 వేల మంది పొగాకు అలవాటు ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, మాట్లాడి, బొమ్మలు చూపించి మానమని చెప్పారు. ఏళ్ల తరబడి వెనకాలే ఉండి చూశారు. మానినవాళ్లలో, బాగా తగ్గించినవాళ్లలో కొత్త మచ్చలు రావడం తగ్గింది. మందూ లేదు, ఇంజక్షనూ లేదు, మాటే. మన తెలుగు పల్లెటూరి నోళ్లు లోకానికి నేర్పిన పాఠం అది. డెంటల్ కాలేజీలో ఆ పేజీ చదివిన రోజు నాకు మా మేనత్తే కళ్లముందు మెదిలింది.

మరి టార్చి వేసి చూసినంత మాత్రాన ప్రాణాలు నిలుస్తాయా? దానికీ లెక్క ఉంది. 1996లో తిరువనంతపురం జిల్లాలో 13 చోట్ల దాదాపు లక్షా తొంభై వేల మందితో ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఏడు చోట్ల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వెళ్లి నోరు చూశారు. ఆరు చోట్ల మామూలుగా వదిలేశారు. 2005లో ఫలితం వచ్చింది. అందరినీ కలిపి చూస్తే తేడా గట్టిగా తేలలేదు. కానీ పొగాకో మద్యమో అలవాటు ఉన్నవాళ్లను విడిగా చూస్తే నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. ఆ చూసినవాళ్లు డాక్టర్లు కాదని గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లో ఏఎన్ఎం అమ్మాయి ఇంటికొచ్చి నోరు తెరవమంటే "నీకేం తెలుసు" అని పంపేసేవాళ్లు ఉన్నారు. ఆమెకు తెలుసు. 2016 నుంచి దేశంలో 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఐదేళ్లకోసారి నోరు, ఆడవాళ్లకైతే రొమ్ము, గర్భసంచి ముఖద్వారం కూడా చూడాలని ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి. ఆమె వచ్చేది ఆ పని మీదే.

వక్క సంగతి చెప్పకుండా ఉండలేను. "నేను పొగాకు ముట్టను, వక్కపొడే" అనే కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వక్క ఒక్కటే వేసుకున్నా క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. పొట్లాల్లో వచ్చే వక్కపొడి, గుట్కా రోజంతా దవడలో పెట్టుకుంటే లోపలి కండ బిగుసుకుపోతుంది. ఇప్పుడే మీ మూడు వేళ్లు నిలువుగా కలిపి నోట్లో పెట్టుకుని చూడండి. పట్టాలి. రెండే పడుతున్నాయంటే, కారం తగిలితే నోరు భగ్గుమంటోందంటే నా దగ్గరకు రండి. పందొమ్మిదేళ్ల పిల్లాడు ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకోలేక కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను. ఆ బిగుతు పూర్తిగా పోదు. ఎంత త్వరగా మానితే అంతవరకు ఆగుతుంది.

పచ్చాకు పనిచేసే అక్కలు ఒకటి అడుగుతుంటారు. ఆకు కొట్టిన రోజు తల తిరుగుతుంది, వాంతులవుతాయి, అది క్యాన్సర్‌కు గుర్తా అని. కాదు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్లడం వల్ల అలా అవుతుంది. మంచు తడి ఆరాక పనిలోకి దిగండి, నిండు చేతుల చొక్కా వేసుకోండి, పని కాగానే సబ్బుతో కడుక్కోండి. చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లను ఆ పనికి పంపొద్దు.

ఇప్పుడు మగవాళ్లు కూడా వినండి, లేచి వెళ్లొద్దు. మీ ఇంటి ఆడవాళ్ల గురించి.

తెల్లబట్ట అవుతోందనో, ముట్టు సరిగా రావడం లేదనో వెళ్తే, "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం" అని చెప్పి ముప్పై ఏళ్లకే గర్భసంచి తీసేయించుకున్న అక్కలు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నేను అడగను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. ఇక ఆ తర్వాతి సర్వేలో గర్భసంచి ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న 30–49 ఏళ్ల ఆడవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కోపం వస్తుంది. నిమిషంలో అయిపోయే పరీక్ష చేయకుండా అవయవమే కోసి పారేస్తున్నాం. చిన్న వయసులో అండాశయాలతో సహా తీస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నిజంగా తీయాల్సిన అవసరం కొందరికి ఉంటుంది. కానీ ముందు పరీక్ష అడగండి. "ఏ రిపోర్టు చూసి తీయమంటున్నారు?" అని అడిగే హక్కు మీకుంది.

ఆ పరీక్ష ఎంత తేలికో చెప్తాను. ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఉండే వెనిగర్ తెలుసుగా, పరీక్షలో పూసేది ఆ రకం పలచటి ద్రావణమే. గర్భసంచి ముఖద్వారానికి పూసి ఒక నిమిషం ఆగితే, తేడా ఉన్న చోటు తెల్లగా తేలుతుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998 నుంచి లక్షన్నర మంది ఆడవాళ్లతో దీన్ని పరీక్షించారు. పూసి చూసింది పదో తరగతి చదివి శిక్షణ తీసుకున్న ఆడవాళ్లే. రెండేళ్లకోసారి నాలుగు సార్లు చూస్తే ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. పోలిక కోసం పరీక్ష చేయకుండా వదిలేసిన ఆడవాళ్ల మాటేమిటని విమర్శలు కూడా వచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదే అని నా అభిప్రాయం. ఇప్పుడు దానికన్నా మేలైనది, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను పట్టుకునే హెచ్‌పీవీ పరీక్ష ఉంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ పల్లెల్లో ఆ పరీక్ష ఒక్కసారి చేస్తేనే ముదిరిన క్యాన్సర్లు, చావులు దాదాపు సగానికి తగ్గాయి.

ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ కాబట్టే టీకా సాధ్యమైంది. టీకా అనగానే ఖమ్మం గుర్తొచ్చేవాళ్లు ఇక్కడ ఉంటారు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా ఆడపిల్లలకు ఈ టీకా వేశారు, వేయించుకున్న కొందరు పిల్లలు చనిపోయారు. విచారణలో ఆ చావులకు టీకా కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా, హాస్టల్ వార్డెన్ల సంతకాలతో టీకా వేయడం పెద్ద తప్పు. 2013లో పార్లమెంటు సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది. ఆ తల్లుల కోపం న్యాయమైనది.

ఆ గొడవతో 2010 ఏప్రిల్‌లో దేశంలో ఈ టీకా పరిశోధనలన్నీ ఆపేశారు. రెండు డోసులా, మూడా అని పోల్చడానికి విడిగా మొదలుపెట్టిన ఒక పరిశోధన మధ్యలోనే ఆగిపోయి, దాదాపు ఐదు వేల మంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్లను వదిలిపెట్టకుండా పదేళ్లు చూశారు. ఒక్క డోసు కూడా ప్రమాదకరమైన రెండు రకాల వైరస్ ఒంట్లో తిష్ఠ వేయకుండా 95 శాతం కాపాడిందని 2021లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు చాలని చెప్పడానికి ఇలాంటి రుజువులే ఆధారం. మన దేశంలో తయారైన టీకా కూడా ఇప్పుడు దొరుకుతోంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు వేయిస్తే మంచిది. అన్నీ అడిగి తెలుసుకుని, సంతకం మీరే చేసి వేయించండి. టీకా వేయించుకున్న పిల్లకైనా ముప్పై దాటాక పరీక్ష తప్పదు.

రొమ్ములో గడ్డకూ మొదట్లో నొప్పి ఉండదు. స్నానం చేసేటప్పుడు చేతికి గట్టిగా తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా సిగ్గుపడకుండా చెప్పండి. ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా అంతే.

పొగాకు మానాలనుకునేవాళ్లు 1800 11 2356 నంబరుకు ఫోన్ చేయండి, డబ్బు పడదు. వైద్యం ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లు ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు దగ్గర పెట్టుకోండి, క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి.

బయట వరండాలో కుర్చీలు వేశాం. ఆడవాళ్లకు లోపల గది ఉంది, అక్కడ ఉన్నది లేడీ డాక్టరే. నేను టార్చి పట్టుకుని మొదటి కుర్చీ దగ్గర ఉంటాను. మా అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. డెబ్బై దాటాయి, నిన్నటిదాకా గ్రేడింగ్‌కు వెళ్లింది, వక్కాకు మానలేదు. ఇరవై ఏళ్లుగా నాకు నోరు చూపించలేదు. "నొప్పి ఉంటే నేనే చెప్పనా" అంటుంది. అమ్మా, నోట్లోది ఉమ్మేసి పుక్కిలించుకుని రా. మొదట నిన్నే చూస్తాను.