మామ్మగారి యూరిన్ రిపోర్టు

శ్రోతలకు నమస్కారం.

విశాఖలో వృద్ధుల హోమ్‌లో ఉండే తల్లి గురించి, హైదరాబాదు నుంచో అమెరికా నుంచో పిల్లలు నాలాంటి డాక్టర్లకు తరచూ ఫోన్ చేస్తుంటారు. "అమ్మకి యూరిన్‌లో పస్ సెల్స్, అదే చీము కణాలు, వచ్చాయండీ, యాంటీబయాటిక్ మొదలుపెట్టేయమంటారా?" మంట ఉందా, జ్వరం ఉందా అంటే, "అబ్బే, అవేం లేవు. వాసనొస్తోందని ఆయమ్మ చెబితే టెస్టు చేయించాం" అంటారు.

అలాంటప్పుడు చాలావరకు మందు అక్కర్లేదు. ఇలాంటి హోమ్‌లలో ఉండే ఆడవాళ్లలో నూటికి 25 నుంచి 50 మందికి, మగవాళ్లలో 15 నుంచి 40 మందికి, ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. క్యాథెటర్, అంటే మూత్రం పోవడానికి పెట్టే పైపు, వేసి నెల దాటితే దాదాపు అందరికీ ఉంటుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ లాంటిది చేసే ముందు తప్ప, బాధ లేని బ్యాక్టీరియా జోలికి పోనక్కర్లేదు. పోతే విరేచనాలు పట్టుకుంటాయి, బ్యాక్టీరియా మొండికేస్తుంది, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయదు.

కొత్తగా మంట, మాటిమాటికీ మూత్రం, పొత్తికడుపులోనో డొక్కలోనో నొప్పి, రక్తం, చలితో వణుకు కనిపిస్తే మాత్రం అది నిజమైన ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఈ వయసులో జ్వరం రాకపోవచ్చు కూడా. నిన్నటిదాకా పేపరు చదివిన తాతగారు ఇవాళ కొడుకుని పోల్చుకోలేకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అయితే తప్పంతా యూరిన్ మీదకి నెట్టేయకండి. రక్తంలో సోడియం తగ్గినా, మలబద్ధకమైనా, కొత్తగా వేసిన నిద్రమాత్రైనా అలా చేయొచ్చు.

ఇక ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం. ముందు నీళ్ల సంగతి. మధ్యాహ్నం ఏ హోమ్‌కైనా వెళ్లి చూడండి. పొద్దున పోసిన నీళ్లు మంచం పక్కన స్టీలు గ్లాసులో అలాగే ఉంటాయి. ఆ వయసులో దాహం సరిగా తెలియదు. తెలిసినా తాగరు, ఎందుకంటే తాగితే లేవాలి, రాత్రిపూట ఆయమ్మని లేపాలి, ఆవిడ విసుక్కుంటుందేమోనని మొహమాటం. మన ఊరి ఉక్కపోతకి ఒంట్లో నీరంతా చెమటగానే పోతుంది. "నీళ్లు తాగమ్మా" అని ఫోన్లో చెబితే సరిపోదు. మాత్ర వేసినప్పుడల్లా అర గ్లాసు, మధ్యలో మజ్జిగ చేతికివ్వాలి. బాత్రూమ్ దూరమైతే మంచం పక్కన కమోడ్ కుర్చీ, రాత్రి చిన్న లైటు ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

డైపర్ ఖరీదని రాత్రంతా ఒక్కటే ఉంచేస్తున్నారేమో కనుక్కోండి. క్యాథెటర్ బ్యాగు మూత్రాశయం కన్నా కిందుండాలి, నేలకి తగలకూడదు. టెస్టుకి ఆ బ్యాగులోది పట్టకూడదు. అసలు ఆ పైపు ఇంకా అవసరమా అని వెళ్లినప్పుడల్లా అడగండి. ఆపరేషనప్పుడు వేసి తీయడం మర్చిపోయినవి నేను చాలానే చూశాను.

మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే పెద్దవయసు ఆడవాళ్లకి, యోనిలో రాసే ఈస్ట్రోజెన్ హార్మోన్ క్రీమ్ బాగా ఉపయోగపడుతుంది. మామ్మగారు సిగ్గుపడి అడగరు కాబట్టి, డాక్టరుని మీరే అడగండి.