మేడలో వాటా, నేలలో వాటా

అందరికీ నమస్కారమండి.

మన గోదావరి జిల్లాల్లో ‘వాటా’ అనే మాటకి రెండర్థాలు. ‘ఆ మేడలో ఒక వాటా ఖాళీగా ఉందట’ అంటే అద్దెకి దొరికే పోర్షను. ‘నాన్నగారి ఆస్తిలో నా వాటా’ అంటే హక్కు. మొదటి వాటాని రెండో వాటాగా మార్చి అమ్మడం గురించే ఈ పూట మాట్లాడుకుందాం. కాకినాడ, రాజమండ్రి, భీమవరం, అమలాపురం, ఎక్కడ చూసినా ముప్పై, నలభై ఏళ్ల క్రితం ఒకే యజమాని కట్టి అద్దెలకిచ్చుకున్న మేడలున్నాయి. పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు, అద్దెలు వసూలు చేసుకునే ఓపిక లేదు, పోర్షన్లు విడివిడిగా అమ్మేద్దామంటారు. కొనేది చాలాసార్లు అందులో అద్దెకుంటున్నవాళ్లే.

అమెరికాలో దీన్ని కండోమినియం మార్పిడి అంటారు. ఊరు ఊరుకీ విడి నిబంధనలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆరు యూనిట్లు దాటిన భవనాన్ని మార్చనివ్వరు. చిన్నవాటికి కూడా ఏడాదికి 200 యూనిట్లకే, అదీ లాటరీలో, అనుమతి ఇచ్చేవారు. 2013లో ఆ లాటరీని కూడా ఆపి, వరసలో ఉన్నవాళ్లకి ఫీజుతో దారి తెరిచారు. దానికి షరతు, ఉన్న అద్దెదారుకి జీవితకాలపు లీజు ఇవ్వజూపడం. మన దగ్గర ఈ మార్పిడికంటూ మున్సిపాలిటీలో విడి దరఖాస్తు లేదు. యజమాని నేరుగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి పోర్షను రాసిచ్చేయవచ్చు. అక్కడ స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం కట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టారా, స్తంభం గట్టిగా ఉందా అన్నది ఆ టేబుల్ మీదకి రాదు. అది చూసుకోవలసింది కొనేవాడే.

అలాగని చట్టం లేదనుకోవద్దు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. ఇళ్ల అమ్మకాలని నియంత్రించే 2016 రెరా చట్టమైతే ‘ప్రమోటర్’, అంటే కట్టి అమ్మేవాడు, అన్న నిర్వచనంలోనే, ఉన్న భవనాన్ని అమ్మకం కోసం అపార్ట్‌మెంట్లుగా మార్చేవాణ్ణి కూడా చేర్చింది. ఈ మాట చాలామంది బిల్డర్లు చదవరు, చదివినా చదవనట్టుంటారు. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు మించకపోయినా, ఎనిమిది ఫ్లాట్లు మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చట్టం రాకముందే, కట్టడం పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ తీసుకున్నవాటికీ అక్కర్లేదు. పాత మేడల్లో ఆ సర్టిఫికెట్ చేతిలో ఉన్నవి మాత్రం అరుదు.

ఇక అసలు లెక్క. పదిహేను సెంట్ల స్థలంలో మేడ ఉందనుకుందాం. సెంటుకి 48.4 గజాలు కాబట్టి 726 గజాలు. అందులో వెయ్యి చదరపు అడుగుల పోర్షన్లు పన్నెండు. విస్తీర్ణం దామాషాలో ఒక్కొక్కరికీ నేలలో రావలసిన అవిభక్త వాటా, అంటే విడదీయని ఉమ్మడి వాటా, 60.5 గజాలు. దస్తావేజుల్లో మాత్రం ‘45 గజాల విభజింపబడని ఉమ్మడి స్థలము’ అని రాస్తారు. పన్నెండు నలభై ఐదులు 540. మిగిలిన 186 గజాలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, యజమాని పేరునే ఉన్నాయి. కింద ‘డాబాపై హక్కులు విక్రేతకే చెందును’ అని ఒక వాక్యం. ఐదేళ్లకి డాబా మీద పెంట్‌హౌస్ లేస్తుంది. పాతికేళ్లకి మేడ పడగొట్టి కట్టుకుందామంటే, ఒక్క ఫ్లాటూ లేని మనిషి నాలుగో వంతుకి పైగా నేలకి హక్కుదారుగా వచ్చి కూర్చుంటాడు. అందుకని, దస్తావేజులో మొత్తం స్థలం, ఉమ్మడి వాటా, ఫ్లాటు వివరం మూడు షెడ్యూళ్లుగా ఉంటే, మొదట చూడాల్సింది రెండోదాన్ని. మీదొక్కటే కాదు, అప్పటికే అమ్మిన ఫ్లాట్ల నకళ్లు తీయించి గజాలన్నీ కూడండి. పన్నెండూ అమ్ముడైతే మొత్తం 726 రావాలి. పాత లింకు దస్తావేజుల్లో సెంట్లు, కొత్తవాటిలో గజాలు ఉంటాయి. మార్చేటప్పుడు ముందు రోడ్డు వెడల్పులో పోయిన ముక్క తీసేశారో లేదో కూడా చూసుకోండి.

ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే ఈసీ 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత వాల్యూములు తీయించాల్సిందే. ఇటీవలి కాలంలో కట్టిన మేడయితే, కట్టిన విస్తీర్ణంలో పది శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టి ప్లాను తెచ్చుకుని ఉండవచ్చు. కాపురానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకోకపోతే ఆ తనఖా ఇంకా విడుదల కాదు. ఏ ఫ్లాటయినా తనఖాలో ఉందేమో ఈసీలో చూసుకోండి.

వారసుల సంగతి దగ్గర జారిపడేవాళ్లు ఎక్కువ. తండ్రి స్వార్జితమైతే, ఆయన వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికీ కొడుకుతో సమానంగా వస్తుంది. పిత్రార్జితమైతే మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి హక్కుంది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. అన్నదమ్ములిద్దరే భాగపరిష్కారం రాసుకుని అమ్మేస్తే సరిపోదు. ‘అక్క ఏమీ అనదండీ’ అంటారు. అననప్పుడు సంతకం పెట్టించడానికి ఇబ్బందేమిటి?

ప్లాను సంగతి. మంజూరైన ప్లాను పట్టుకుని మేడ చుట్టూ తిరగండి. జి ప్లస్ టూ, అంటే కింది అంతస్తు మీద రెండే, అని ఉండి పైన మూడోది కనబడితే, అక్రమ కట్టడాల్ని జరిమానాతో సరిచేసే బీపీఎస్ పథకం కింద క్రమబద్ధం చేసిన కాగితం అడగండి. 2007 నాటి ఆ పథకం 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా కట్టినవాటికి వర్తించింది. డబ్బు కట్టిన రసీదు వేరు, చేతికొచ్చిన ఉత్తర్వు, అదే ప్రొసీడింగ్స్, వేరు. రసీదు చూపించి అమ్మేసినవి ఉన్నాయి.

కాంక్రీటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మనది డెల్టా కాబట్టి. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456. దాని పాత ప్రతి, 1978 నాటిది, ఆర్‌సీసీకి, అంటే ఇనుము వేసిన కాంక్రీటుకి, తక్కువ బలమున్న ఎం15 రకాన్ని కూడా ఒప్పుకునేది. 2000లో అది కనీసం ఎం20 అయింది. అంటే ఆ నాటి మేడ నిబంధన ప్రకారం కట్టినదైనా కాంక్రీటుకి బలం తక్కువే. దానికి తోడు సముద్రం వైపు ఊళ్లలో ఉప్పు తగిలిన బోరు నీళ్లతో కలిపిన కాంక్రీటు. కలిపే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాములకి మించి క్లోరైడు ఉండకూడదు. అప్పట్లో ఎవరు పరీక్ష చేయించారు కనక! తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటు పొరని, అదే కవరుని, నెడుతుంది, పెచ్చులూడతాయి. సున్నం కొట్టించి, పుట్టీ పెట్టించి అమ్మకానికి పెడతారు.

దానికి చవకైన పరీక్ష ఒకటుంది. కింది అంతస్తులో స్తంభం మొదట్లోనో, బాత్‌రూము వెనక సన్‌షేడ్ దగ్గరో ప్లాస్టరింగ్ తీయించి, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు కాంక్రీటు చెక్కించండి. దుమ్ము ఊది, ఒక శాతం ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు ముదురు గులాబీ రంగుకి తిరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు లోపలికి దిగినంత మేర రంగు రాదు. రంగు లేని పొర లోతూ, ఇనుముకున్న కవరూ సమానమయ్యాయంటే ఆ ఇనుముకి రక్షణ పోయినట్టే. అయితే రంగు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఉప్పు వల్ల వచ్చే తుప్పుకి రంగుతో పనిలేదు, గులాబీగా ఉన్న చోట కూడా పడుతుంది. దానికి పొడి తీయించి క్లోరైడు పరీక్ష చేయించాలి. కాంక్రీటులోకి ధ్వని తరంగాలు పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్షలో వేగం తక్కువ వస్తే అనుమానించాలి. కోర్లు, అంటే కాంక్రీటులోంచి తొలిచి తీసే గుండ్రటి ముక్కలు, తీస్తే కనీసం మూడు ఉండాలి, సగటు బలం ఉండాల్సినదాంట్లో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75కి తగ్గకూడదు. పరీక్షల ఖర్చు కొనేవాళ్లంతా పంచుకుంటే అడ్వాన్సు పోగొట్టుకోవడం కన్నా తక్కువే.

మేడని మే నెలలో చూసి బేరం కుదుర్చుకోకండి. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు, భూమిలో నీరు దిగిపోతుంది, సెప్టిక్ ట్యాంకు పక్క ఇంకుడు గుంత, అదే సోక్‌పిట్, చక్కగా పీల్చుకుంటుంది. సార్వాకి కాలువలు వదిలి నాలుగు వానలు పడ్డాక, ఆగస్టులో వెళ్లండి. సోక్‌పిట్ నిండి కింది పోర్షన్ల లెట్రిన్లు వెనక్కి తన్నుతున్నాయేమో, గోడలకి చెమ్మ ఎంత ఎత్తుకి ఎక్కిందో అప్పుడే తెలుస్తుంది.

అద్దెదారులకి ఒక మాట. మేడ చేతులు మారినంత మాత్రాన మీరు రోడ్డున పడరు. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు. నెలనెలా అద్దెకున్నా ఖాళీ చేయించడానికి ముందుగా నోటీసు ఇవ్వాలి. మీరిచ్చిన అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సింది ఎవరో విక్రయ దస్తావేజులోనే రాయించండి. నోటిమాట మీద వదిలేస్తే ఇద్దరూ అవతలివాడి వైపు చూపిస్తారు.

ఫ్లాట్లవాళ్ల అసోసియేషన్ రిజిస్టరు చేయాలంటే 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పన్నెండింటిలో ఆరు అమ్ముడుపోయి ఆరు యజమాని దగ్గరే ఉంటే సంఖ్య చాలదు, అతను చేరితేనే అవుతుంది. అందాకా బోరు మోటారు మీటరు, మెట్ల లైట్ల మీటరు, కుళాయి, ఒకే అసెస్‌మెంటు మీద ఇంటి పన్ను, అన్నీ అతని పేరునే నడుస్తాయి. అతను పన్ను బాకీ పడితే డిమాండు నోటీసు మేడ మొత్తానికి వస్తుంది. కాబట్టి రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే, ప్రతి ఫ్లాటుకీ విడి అసెస్‌మెంటు నంబరు కోసం మున్సిపాలిటీలో మ్యుటేషన్, అంటే పేరు మార్పు, దరఖాస్తు పెట్టండి. మోటారు మీటరు బదిలీకి యజమాని సంతకం పెట్టిన దరఖాస్తు ఒకటి, మిగతా సొమ్ము చేతికివ్వక ముందే తీసుకుని దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత అతను ఫోను ఎత్తకపోవచ్చు.