ముందు ఛానల్ చూడండి, తర్వాత రౌటర్ కొనండి

అందరికీ నమస్కారం.

పాలమూరులో పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లు, స్టడీ హాళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక్కో బిల్డింగులో రెండు మూడు రౌటర్లు. రాత్రి ఎనిమిది దాటితే వీడియో క్లాసు ఆగి ఆగి నడుస్తుంది. ఓనర్‌కు చెప్తే ప్లాన్ పెంచుతాడు, లేదంటే ఇంకో రౌటర్ తెచ్చి పెడతాడు. లోపం లైన్‌లో కాకుండా గదిలోని రేడియో రద్దీలో ఉంటే, కొత్త రౌటర్ ఆ రద్దీని ఇంకా పెంచుతుంది. అందుకే డబ్బు ఖర్చు పెట్టేముందు ఒకసారి కొలిచి చూడమంటున్నాను.

వైఫై వాడే రేడియో తరంగాల పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఆ బ్యాండ్‌లోని చిన్న భాగాలే ఛానళ్లు; ఎవరికి ఏ ఛానలో పంచిపెట్టేవాళ్లు లేరు. ఉన్న 13 ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో సిగ్నల్ వెడల్పేమో కనీసం 20. అంటే 1, 6, 11 తప్ప మిగతావి ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు వంతులవారీగా మాట్లాడతాయి; నెమ్మదిగానైనా పని జరుగుతుంది. పక్క రౌటర్ 6లో ఉంటే మీరు 4లో పెట్టుకున్నారనుకోండి, అప్పుడు దేవరకద్ర సంతలో అందరూ ఒకేసారి ధర అరిచినట్టే, ఎవరి మాటా ఎవరికీ తెలియదు.

ఈ రద్దీని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లలో నాకు నచ్చింది మైక్ కెర్షా రాసిన కిస్మెట్. అది ఏమీ పంపకుండా ఊరికే వింటుంది. మామూలుగా వైఫై కార్డు తనకు వచ్చిన ప్యాకెట్లనే, అంటే డేటా ముక్కలనే, మనకు అందిస్తుంది. మానిటర్ మోడ్‌లో పెడితే ఆ ఛానల్‌లో తనకు వినబడేవన్నీ అందిస్తుంది. అన్ని కార్డులకూ ఈ మోడ్ ఉండదు. లినక్స్ టెర్మినల్‌లో 'ఐడబ్ల్యూ లిస్ట్' అని కొట్టి, వచ్చిన జాబితాలో 'మానిటర్' ఉందో లేదో చూడండి. లేకపోతే ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ దొరికితే తీసుకోండి. మానిటర్ మోడ్‌లో ఉన్నంతసేపు ఆ కార్డు మీద ఇంటర్నెట్ రాదు కాబట్టి వేరే అడాప్టర్ ఉండటం ఎలాగూ మంచిదే.

లినక్స్‌లో ఒక రకమైన కాలీ లినక్స్‌లో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కిస్మెట్' అంటే సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేస్తుండగా ఒక ప్రశ్న వస్తుంది: రూట్ అధికారం (కంప్యూటర్ మీద పూర్తి పెత్తనం) కేవలం ప్యాకెట్లు పట్టే చిన్న ప్రోగ్రాములకు ఇవ్వాలా అని. అవునని చెప్పి, మీ యూజర్‌ను 'కిస్మెట్' గ్రూపులో చేర్చి, ఒకసారి లాగవుట్ అయి రండి. మొత్తం సాఫ్ట్‌వేర్‌ను రూట్‌గా నడపొద్దు. గాలిలోంచి వచ్చే ప్యాకెట్ ఎవరు పంపిందో మనకు తెలియదు, అలాంటిదాన్ని చదివే ప్రోగ్రాముకు కంప్యూటర్ తాళాలన్నీ ఎందుకివ్వాలి? తర్వాత బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (అంటే మీ కంప్యూటరే) 2501 పోర్టు తెరిచి పాస్‌వర్డ్ పెట్టుకోండి.

తెరమీద వరుసగా రౌటర్లు కనిపిస్తాయి. ఒక్కో రౌటర్ మామూలుగా సెకనుకు పదిసార్లు తన పేరు చాటుతుంది. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు; అది మైనస్ 50 డీబీఎం దగ్గరుంటే బాగున్నట్టు. మైనస్ 80 అంటే అందులో వెయ్యో వంతు. ల్యాప్‌టాప్ పట్టుకుని గది గదికీ తిరిగి ఈ అంకె రాసుకోండి. రాతిగోడ, స్లాబు ఎంత మింగేస్తున్నాయో తెలుస్తుంది. కిస్మెట్ మామూలుగా సెకనుకు ఐదు ఛానళ్లు మారుతూ వింటుంది కాబట్టి కొన్ని ప్యాకెట్లు తప్పిపోతాయి. అనుమానం ఉన్న ఛానల్ మీద దాన్ని కదలకుండా నిలిపి కాసేపు చూడండి.

ఒక జాగ్రత్త. కనిపించిన పరికరాల సంఖ్యను మనుషుల సంఖ్య అనుకోవద్దు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగానే తమ అసలు వైఫై గుర్తింపు సంఖ్యకు బదులు మారు చిరునామాలు వాడుతున్నాయి.

డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ ఉన్న నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని పాస్‌వర్డ్ తెలియకుండా చదవలేం. కానీ ఏ పరికరం ఎప్పుడు ఎంత డేటా వాడిందో బయటకు కనిపిస్తుంది. హాస్టల్ పిల్లలకు ఇది చాలా సున్నితమైన సంగతి. ఎవరు ఎన్ని గంటలకు మేలుకుని ఉన్నారో వార్డెన్ ఆరా తీయడానికి ఈ సాధనం వాడితే నేను ఒప్పుకోను. మీ నెట్‌వర్క్‌నే, అక్కడున్నవాళ్లకు చెప్పి మరీ గమనించండి. పని అయ్యాక లాగ్ ఫైళ్లు చెరిపేయండి. అనుమతి లేకుండా పక్కవాళ్ల నెట్‌వర్క్‌లోకి దూరితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లు తెరవండి, ఈ కాలేజీ ల్యాబ్ రౌటర్ ఏ ఛానల్‌లో ఉందో చూద్దాం. ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాం.