భార్యకు జీతం రాస్తే పన్ను తగ్గుతుందా? చిరు వ్యాపారులపై స్టూడియో చర్చ

సంధానకర్త: నమస్కారం. ఇంటి ఖర్చులన్నీ కొట్టు ఖాతాలో రాసుకుంటే పన్నే కట్టనక్కర్లేదని చెప్పే వీడియోలు చిరు వ్యాపారుల ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. భార్యకు నెలకు 40 వేల జీతం చూపించమన్నది వాటిలో పెద్ద సలహా. దీన్ని నమ్మవచ్చా?

పన్ను సలహాదారు: నిస్సందేహంగా నమ్మవచ్చు. తెల్లవారుజామున షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి గల్లా లెక్క తేలేదాకా ఆమె నిలబడుతుంటే, ఆ శ్రమకు జీతం రాయడం నేరమెలా అవుతుంది?

ఆడిటర్: నేరమని ఎవరూ అనలేదండీ. ఆదాయపు పన్ను చట్టం (1961 చట్టంలో ఇది 64వ సెక్షన్) ప్రకారం, సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత లేని భార్యకు భర్త తన వ్యాపారం నుంచి ఇచ్చే జీతం తిరిగి అతని ఆదాయంలోనే కలుస్తుంది. ఒక చేత్తో తీసింది రెండో చేత్తో–

పన్ను సలహాదారు: అర్హత అంటే పట్టానే కానక్కర్లేదని, అనుభవం కూడా అర్హతేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు లోగడ తీర్పు చెప్పింది. అది ఎందుకు చెప్పరు?

ఆడిటర్: ఆ అనుభవాన్ని రుజువు చేయాలి కదా. పైగా–

సంధానకర్త: అంటే భార్య జీతం చెల్లుతుందన్నమాట!

ఆడిటర్: అలా అనలేదు. పూర్తి లెక్కలు రాయకుండా అంచనా లాభం చూపించే పద్ధతి (1961 చట్టంలో 44ఏడీ) కింద అమ్మకాలపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్లపై 6 శాతం లాభం చూపించేవారికి ఖర్చులన్నీ అందులోనే మినహాయించినట్లు లెక్క. వారు జీతాన్ని విడిగా మళ్లీ తగ్గించుకోలేరు.

కిరాణా వ్యాపారి: నేను ఆ పద్ధతిలోనే రిటర్ను వేస్తున్నానండీ. వీడియో చూసి పెట్రోలు బంకు రసీదులన్నీ హార్లిక్స్ సీసాలో దాచాను. ఇప్పుడు తీసి చూస్తే సగానికి పైగా అక్షరాలు మాసిపోయి తెల్లకాగితాలయ్యాయి.

పన్ను సలహాదారు: రసీదు లేకపోతే వోచరు రాసుకోండి. నగదు చెల్లింపు 10 వేలు దాటితే 9,900 చొప్పున ముక్కలు చేయండి.

విశ్రాంత పన్ను అధికారి: ఇది ప్రమాదకరమైన సలహా. ఒక వ్యక్తికి ఒకే రోజు ఇచ్చిన నగదునంతా కలిపే, ఖర్చుగా చెల్లే ఆ 10 వేల పరిమితిని చూస్తారు. ఖాతాలో తప్పుడు పద్దు రాసినట్లు తేలితే, ఆ మేరకు ఎగ్గొట్టిన పన్నుపై 200 శాతం జరిమానా–

పన్ను సలహాదారు: భయపెట్టకండి! పెద్ద కంపెనీలు అతిథి గృహాలకు కోట్లు ఖర్చు రాస్తే ఎవరూ అడగరు, కిరాణా కొట్టు మీదే మీ ప్రతాపం. అసలు జీఎస్టీ సంగతి తీస్తే–

ఆడిటర్: కంపెనీకైనా కొట్టుకైనా ఖర్చుల నియమం (1961 చట్టంలో 37వ సెక్షన్) ఒకటే. పూర్తిగా వ్యాపారం కోసం పెట్టిన ఖర్చే చెల్లుతుంది, సొంత ఖర్చు చెల్లదు.

సంధానకర్త: జీఎస్టీని మరోసారి చర్చిద్దాం. భార్య జీతం మీద చివరి మాట సలహాదారుగారిది.

ఆడిటర్: నా మాట ఇంకా పూర్తి కాలేదండీ.

పన్ను సలహాదారు: నేను మొదట చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. ధైర్యంగా జీతం రాసుకోండి, నోటీసు వస్తే అప్పుడు చూసుకుందాం.

కిరాణా వ్యాపారి: ఆ నోటీసు వచ్చేది నా పేరు మీద కదండీ?

సంధానకర్త: సమయం అయిపోయింది. అందరికీ ధన్యవాదాలు.