జిప్సీ వెనక సీట్లు పీకేశాం, తర్వాతే అసలు పని
కిరణ్: నమస్కారం అండీ. ఈరోజు మనతో రమణన్న ఉన్నారు. ఆయనది పాత మారుతి జిప్సీ జీపు, 1300 సీసీ. అన్నా, వెనక సీట్లు తీసేశారట?

రమణ: వాటి మీద కూర్చునేదెవరు తమ్ముడూ? ఎదురెదురుగా రెండు బెంచీలు, గతుకు రోడ్డు మీద పది కిలోమీటర్లు పోతే మోకాళ్లు మోకాళ్లు కొట్టుకుంటాయి. పిల్లలు ఒకసారి ఎక్కారు, మళ్లీ ఎక్కలేదు. ఇప్పుడు పొలానికి డ్రిప్ పైపులు, బయటికి పోతే టెంటు, నీళ్ల క్యాన్లు.

కిరణ్: విప్పడం తేలికేనా?

రమణ: మూడు బోల్టులు పది నిమిషాల్లో వచ్చాయి. నాలుగోది రెండు రోజులు ఏడిపించింది. పైన గుడ్డ టాపు కదా, ఏళ్ల తరబడి వాన నీళ్లు కారి తుప్పుతో అతుక్కుపోయింది. నేను బలం కొద్దీ తిప్పేసరికి తల అంచులు అరిగిపోయాయి. మా మెకానిక్ వచ్చి తిట్టాడు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, నూనె పోసి రాత్రంతా వదిలేశాడు. పొద్దున ముందు బిగించే వైపు కొంచెం కదిలించి, అప్పుడు విప్పాడు. 'టక్'మంది చూడు, ప్రాణం లేచొచ్చింది.

కిరణ్: కింద ఏముంది?

రమణ: ఒక రూపాయి బిళ్ల, బోలెడు మట్టి, అరచేయంత తుప్పు. అది గీకి ప్రైమర్ కొట్టించాం. ఇంతవరకూ బాగానే ఉంది. మర్నాడు బ్రేక్ కొడితే జాకీ జారుకుంటూ వచ్చి నా సీటు వీపుకి గుద్దింది! సీట్లున్నప్పుడు సామాన్లు ఇరుక్కుని ఉండేవి. ఇప్పుడు వెనకంతా జారుడుబండ.

కిరణ్: అయితే కొత్తగా కొక్కేలు పెట్టించారా?

రమణ: పెట్టించాను కానీ కొత్త రంధ్రాలు వేయలేదు. వెనక కిందే పెట్రోల్ ట్యాంకు ఉంటుంది, తెలియక డ్రిల్ పెడితే అంతే సంగతులు. సీటు బోల్టుల రంధ్రాల్లోనే, అదే మర ఉన్న రింగు బోల్టులు బిగించి, బెల్టులు కట్టాం. పైన పశువుల కొట్టంలో వేసే రబ్బరు మ్యాట్. వాన పడితే అది ఎత్తి ఆరబెట్టాలి, లేకపోతే మళ్లీ తుప్పే.

కిరణ్: నడకలో తేడా?

రమణ: ఖాళీగా పోతే వెనక ఇంకా ఎగురుతుంది. నాలుగు చక్రాలకూ స్ప్రింగులంటే కమాన్ పట్టీలే కదా, బరువుంటేనే అవి మెత్తగా పని చేస్తాయి. పైగా సీట్లు లేని రేకు డబ్బా, చప్పుడు చెవుల్లో మోగుతుంది. మైలేజ్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో.

కిరణ్: మరి ఆర్టీఓ వాళ్లు?

రమణ: అది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎంతమంది కూర్చోవచ్చో ఆర్సీలో ఉంటుంది. బండి దానికి తేడాగా మారకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. జనవరి 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. శాశ్వతంగా తీసేయాలంటే ముందు ఆర్టీఓలో అడగాలి. నేనైతే సీట్లు అమ్మలేదు, బోల్టులు సీసాలో పోసి దాచాను. పదిహేనేళ్లు దాటిన బండి, అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్‌కి చూపించాలి. అప్పటికి మళ్లీ బిగించాల్సిందే.

కిరణ్: ఇంతకీ ఆ సీట్లు ఎక్కడున్నాయి?

రమణ: మా వరండాలో. అమ్మ ఒకదాని మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది, రెండోది పిల్లి ఆక్రమించింది. రెన్యువల్ వచ్చినప్పుడు ఇద్దర్నీ లేపాలి.