పాటల పెట్టె బిగించడం తేలిక, పేర్లు రాయడమే అసలు పని

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకి పేరుపేరునా నమస్కారాలు పెడితే నాకిచ్చిన సమయంలో పావు వంతు అక్కడే పోతుంది. అందుకని అందరికీ కలిపి ఒక్కటే.

నాకిచ్చిన అంశం, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో పాటల పెట్టె పెట్టుకోవడం. ఓపెన్ సోర్సే, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేరే ఎందుకంటారా? స్క్వీజ్‌బాక్స్ అని, ఇంటి నెట్‌వర్క్ ద్వారా పాటలు వినిపించే ప్లేయర్లుండేవి. వాటిని తయారుచేసిన స్లిమ్ డివైసెస్‌ని 2006లో లాజిటెక్ కొంది. 2012లో ఆ సరుకే ఆపేసింది. 2024లో వాటి ఆన్‌లైన్ సర్వర్ కూడా మూసేసింది. అయినా ఆ పెట్టెలు ఇవాళ్టికీ పాడుతున్నాయి. ఇంట్లో నడుస్తూ ప్లేయర్లకి పాటలు పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి వాడేవాళ్లే దాన్ని నిలబెట్టుకున్నారు. ఇప్పుడు దాని పేరు లిరియన్ మ్యూజిక్ సర్వర్. మనం పెట్టబోయేది అదే.

కావలసినవి చెప్తాను, రాసుకోండి. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటరు, 2 జీబీ ర్యామ్‌ది చాలు. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్. 8 జీబీ మెమరీ కార్డు. పాటలున్న హార్డ్ డిస్కు. పీసీఎం5102 చిప్ ఉన్న డాక్ బోర్డు, అంటే కంప్యూటర్ అంకెల్ని స్పీకర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది. యాంప్లిఫయర్, స్పీకర్లు ఇంట్లో ఉన్నవే. పై 4కి హెడ్‌ఫోన్ జాక్ ఉందిగా, డాక్ ఎందుకంటారు. ఉంది, కానీ పాట నెమ్మదించిన చోట వెనకాల సన్నగా 'స్స్' వినిపిస్తుంది. పై 5కి ఆ జాక్ కూడా లేదు.

డాక్ బోర్డు కాళ్ల నుంచి రాస్ప్‌బెర్రీ పై పిన్నులకి ఐదు వైర్లు. విన్ రెండో పిన్నుకి, గ్రౌండ్ ఆరుకి, బీసీకే పన్నెండుకి, ఎల్‌సీకే ముప్పై ఐదుకి, డిన్ నలభైకి. ఎస్‌సీకే అని ఇంకో కాలు మిగులుతుంది. దాన్ని గాలికి వదలకండి, బోర్డు మీదే గ్రౌండ్‌కి కలపండి. అలా కలిపితేనే చిప్ తన క్లాక్ తనే తయారుచేసుకుంటుంది. లేకపోతే శబ్దమే రాదు, వచ్చినా గరగరే. బోర్డు చెడిపోయిందని వెనక్కి పంపే ముందు ఈ ఒక్కటీ చూడండి.

అడాప్టర్ దగ్గర పిసినారితనం వద్దు. పాత ఫోన్ ఛార్జర్ పెడితే వోల్టేజి పడిపోతుంది, పాట మధ్యలో డిస్కు ఊడిపోతుంది. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి 1.2 ఆంపియర్లే. రెండు డిస్కులు పెట్టేవాళ్లు సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనాల్సిందే.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, పైకోర్‌ప్లేయర్ అనే, పాటల కోసమే చేసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోండి. అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది. మన ఊళ్లలో కరెంటు చెప్పి పోదు కదా, రాస్తుండగా పోతే కార్డు పాడవుతుంది. ఇందులో కార్డు మీద రాత తక్కువ. కార్డు మీద రాసేది ఎక్కువగా పాటల జాబితానే, అది చెడినా మళ్లీ స్కాన్ చేస్తే వచ్చేస్తుంది. కార్డులోకి పైకోర్‌ప్లేయర్ ఇమేజ్ ఫైలు ఎక్కించి, రౌటర్‌కి కేబుల్ పెట్టి, రాస్ప్‌బెర్రీ పై ఐపీ చిరునామాని బ్రౌజర్‌లో తెరవండి. ముందు కార్డు పార్టిషన్ పెంచండి. ఇది మరిచిపోతే సర్వర్‌కి చోటు చాలక ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. తర్వాత ఆడియో అవుట్‌పుట్‌లో హైఫైబెర్రీ డాక్ అని మీరే ఎంచాలి. ఈ చవక బోర్డు తనంతట తాను పరిచయం చేసుకోదు. రీబూట్ చేసి, సర్వర్ ఇన్‌స్టాల్ చేసి, డిస్కు మౌంట్ చేయండి, అంటే సిస్టమ్‌కి జతపరచండి. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కయితే అదనపు ఫైల్ సిస్టమ్‌ల ప్యాకేజీ ముందు పెట్టాలి. ఇంక బ్రౌజర్‌లో అదే చిరునామా, పోర్ట్ 9000లో సర్వర్ తెరిచి స్కాన్ కొట్టడమే. మొదటిసారి వాల్యూమ్ 20 దగ్గర ఉంచండి.

నాకిచ్చిన అంశం ఇక్కడితో అయిపోయింది. నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది. అధ్యక్షులవారు కాస్త ఓపిక పట్టాలి.

స్కాన్ అయ్యాక ఆర్టిస్టుల జాబితా తెరవండి. సినిమాలన్నీ పోయి 'వేరియస్ ఆర్టిస్ట్స్' అనే ఒక్క పేరు కింద గుట్ట పడి ఉంటాయి. ఆల్బమ్ అంటే ఒక గాయకుడిదో ఒక బృందానిదో అని ఈ సాఫ్ట్‌వేర్ల లెక్క. మన సినిమా పాట అలా పుట్టిందా? 1957 మాయాబజార్ తీసుకోండి. లాహిరి లాహిరి ఘంటసాల, పి. లీల పాడారు. వివాహ భోజనంబు మాధవపెద్ది సత్యం పాడారు. అహ నా పెళ్ళంటలో సుశీల గొంతు. కంప్యూటర్‌కి ఇది కలగాపులగం.

దయచేసి అందరూ ఫోన్లు తీయండి. ఇప్పుడే. డౌన్‌లోడ్ చేసుకున్న పాత పాట ఒకటి తెరిచి వివరాలు చూడండి. లాహిరి రాసిన పింగళి నాగేంద్రరావు పేరు ఎవరి ఫోన్లోనైనా ఉందా? ఉంటే చెయ్యెత్తండి. చూశారుగా! ఆర్టిస్టు గడిలో ఏముంది? పాట దింపిన సైటు చిరునామా. కవి పేరుండాల్సిన చోట దొంగసరుకు దుకాణం బోర్డు!

గడి లేక కాదండీ. ఎంపీ3 ఫైల్లో పాట వివరాలుండే ట్యాగుని ఐడీ3 అంటారు. 1996 నాటి దాని మొదటి రకంలో లేదు, ఒప్పుకుంటాను. అందులో పాట పేరుకి 30 బైట్లే. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, లాహిరి లాహిరి అంటేనే 37. కానీ రెండో రకం ఐడీ3లో రచయితకీ స్వరకర్తకీ వేరువేరు గడులున్నాయి. ఫ్లాక్ అనే ఇంకో రకం పాట ఫైల్లో అయితే మీకు కావలసిన గడి మీరే పెట్టుకోవచ్చు.

కిడ్3 అనే ఓపెన్ సోర్స్ ఎడిటర్‌తో ఇలా చేయండి. ఒక్కో సినిమాకి ఒక్కో ఫోల్డరు. ఆల్బమ్ గడిలో సినిమా పేరు, సంవత్సరం గడిలో సినిమా విడుదలైన ఏడాది. క్యాసెట్టో సీడీయో వచ్చిన ఏడాది కాదు. ఆల్బమ్ ఆర్టిస్టులో సంగీత దర్శకుడు. దాంతో గుట్ట విడిపోతుంది. ఆర్టిస్టులో ఆ పాట పాడినవాళ్లు, ఇద్దరైతే మధ్యలో సెమికోలన్. ఆ సెమికోలనే విడదీసే గుర్తని సర్వర్ సెట్టింగుల్లో కూడా ఉండాలి, లేకపోతే ఇద్దరూ కలిసి ఒకే మనిషైపోతారు. లిరిసిస్టులో కవి. ఒక మనిషికి ఒకటే రూపం. ఒకచోట ఘంటసాల, ఇంకోచోట ఘంటసాల వెంకటేశ్వరరావు, మరోచోట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే జాబితాలో ముగ్గురు ఘంటసాలలు తేలతారు. అంతా అయ్యాక పాత జాబితా చెరిపేసి పూర్తిగా రీస్కాన్ చేయండి.

నెట్ నుంచి ట్యాగులు తెచ్చే ప్రోగ్రాములున్నాయి కదా అంటారు. వాడండి, కానీ సేవ్ కొట్టే ముందు ఆల్బమ్ పేరు చూడండి. అసలు సినిమా బదులు ఏ హిట్స్ సంకలనాన్నో అంటగట్టే ప్రమాదం ఉంది.

చీటీ వచ్చింది, ముగిస్తున్నాను. బ్లూటూత్ స్పీకరు పెట్టొచ్చా అని అడగబోయేవాళ్లకి ముందే జవాబు: పెట్టొచ్చు. అప్పుడు మాత్రం ఆ ఐదు వైర్లూ, డాక్ బోర్డూ మానేయండి, డబ్బులు దండగ.