పానాల మీద పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? ఇంట్లో చిన్న గ్యారేజీ పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం

[స్క్రీన్ మీద: తెరిచి ఉన్న నల్ల ప్లాస్టిక్ టూల్ బాక్సు]

హాయ్ అండీ. ఆన్‌లైన్‌లో టూల్ కిట్ అని కొట్టగానే ఇదిగో ఇలాంటి బాక్సులే వరసగా వస్తాయి, ఒకదాని మీద 46 పీసులని, ఇంకోదాని మీద 108 పీసులని రాసి ఉంటుంది, తెరిస్తే అన్నీ తళతళా మెరుస్తుంటాయి, చూడగానే కొనేయాలనిపిస్తుంది. కొనే ముందు ఒక్కసారి లెక్కపెట్టండి. అందులో చాలా భాగం వేలెడంత కూడా లేని స్క్రూడ్రైవర్ బిట్లు. ఇంకొన్ని చిన్న గోటీలు, అంటే బోల్టు తల మీద గిన్నెలా కూర్చునే సాకెట్లు, 4 నుంచి 7 నంబరు (మిల్లీమీటర్ల సైజు) దాకా, వాటితో బండి మీద చేసే పని చాలా తక్కువ. కొన్ని బాక్సుల్లో ఇంచీ సైజులు కూడా ఉంటాయి, మన దగ్గర ఇప్పుడొచ్చే బైకులకీ కార్లకీ వాటితో పని పడదు. డబ్బు మీరు పీసుల సంఖ్యకి కడుతున్నారు, పనికి కాదు.

అసలు విషయానికి వస్తాను. "సొంతంగా సర్వీసు చేసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది" అని చాలా వీడియోల్లో చెప్తారు. ఆ మాట అమెరికాలో నిజం. అక్కడ వర్క్‌షాపులో గంట పనికి వంద డాలర్లు దాటడం మామూలే, కాబట్టి బ్రేక్ ప్యాడ్లు ఒక్కసారి సొంతంగా మార్చుకుంటే పానాల ఖర్చు చాలావరకు వచ్చేస్తుంది. ఇక్కడ మన వీధి చివర మెకానిక్ ఆయిల్ మార్చడానికి తీసుకునే కూలి ఎంతో మీకే తెలుసు. ఆ కూలి మిగుల్చుకుందామని పది వేల సామాను కొంటే అది ఎప్పటికి తీరాలి? మన దగ్గర ఇంటి గ్యారేజీ డబ్బు మిగిల్చే పని కాదు, కనీసం మొదటి కొన్నేళ్లు కాదు. మరి ఎందుకు పెట్టుకోవాలి అంటే, పోసిన ఆయిల్ ఏదో మనకు తెలుస్తుంది, బోల్టు ఎంత బిగించారో తెలుస్తుంది, మార్చామని చెప్పి మార్చని ఫిల్టర్ల గోల ఉండదు, పైగా ఆదివారం పొద్దున కాఫీ తాగి బండి ముందు కూర్చోవడం కొంతమందికి ఇష్టం. ఇవి సరిపోతాయి. కాకపోతే ఇవేవీ నెలనెలా కిస్తీ కట్టి కొనాల్సినవి కావు. పని వచ్చినప్పుడు, ఆ పనికి కావాల్సిన పానా, చేతిలో ఉన్న డబ్బుతో కొనుక్కోవాలి, ఇంతే నేను చెప్పదలుచుకున్నది. మిగతా వీడియో అంతా ఆ పనులేంటి, ఎక్కడ పిసినారితనం చేయొచ్చు, ఎక్కడ చేయకూడదు అన్నదే.

[స్క్రీన్ మీద: 8, 10, 12, 14, 17, 19]

ఈ నంబర్లు చూడండి. హోండా, హీరో, యమహా, మారుతి సుజుకి, టయోటా... జపాన్ డిజైన్ మూలాలున్న బండి ఏదైనా సరే ఎక్కువ పని 8, 10, 12, 14, 17 లోనే అయిపోతుంది. మారుతి చక్రం నట్లకి 19, హ్యుందాయ్ అయితే 21. ఫోక్స్‌వాగన్, స్కోడా ఉన్నవాళ్ల లెక్క వేరు, వాటిలో 13, 16, 18 వస్తాయి, నక్షత్రం ఆకారంలో ఉండే టార్క్స్ తలలు అడుగడుగునా తగులుతాయి, చక్రానికి నట్టు బదులు 17 నంబరు బోల్టు ఉంటుంది. కాబట్టి ముందు మీ బండి దగ్గర కూర్చుని, మీరు నిజంగా చేయబోయే పని ఏ బోల్టులతోనో చూసి కాగితం మీద రాసుకోండి. స్ప్లెండర్ బైకుకి ఆయిల్, స్పార్క్ ప్లగ్గు మార్చాలంటే ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టుకి 17, స్పార్క్ ప్లగ్గుకి 16 నంబరు ప్లగ్ స్పానర్, ఒక గరాటు, ఒక తొట్టి. ఇదీ మీ మొదటి గ్యారేజీ.

పానాల్లో మూడు రకాలు తెలుసుకుంటే చాలు. రెండు వైపులా నోరు తెరిచి ఉండేది, గుండ్రంగా తలని చుట్టుకునే రింగ్ పానా, గోటీ. బిగుసుకుపోయిన బోల్టు మీద నోరు తెరిచిన పానా వేయకండి, అది రెండు అంచులనే పట్టుకుంటుంది, కాస్త జారిందంటే తల గుండ్రమైపోతుంది, తర్వాత దాన్ని వెల్డింగ్ వేసి తీయాల్సిందే. రింగో గోటీయో వాడండి. గోటీ కొనేటప్పుడు లోపలికి చూడండి, ఆరు మూలలుంటే మంచిది. పన్నెండు మూలలున్నది ఇరుకు సందులో తిప్పడానికి సులువే గానీ తుప్పు పట్టిన బోల్టు మీద త్వరగా జారుతుంది. వెనక పిడి తగిలించే చదరపు కన్నం పావు ఇంచీ, మూడు బై ఎనిమిది ఇంచీ, అర ఇంచీ అని మూడు సైజుల్లో దొరుకుతుంది. బైకు ఒక్కటే ఉంటే మూడు బై ఎనిమిది, కారు కూడా ఉంటే చక్రాల కోసం అర ఇంచీ. మూడూ ఒకేసారి కొనక్కర్లేదు.

ఇంకో మాట, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. పాత జపాన్ మోడల్ బైకుల మీద ప్లస్ స్క్రూలు చూడ్డానికి మామూలు ప్లస్ లాగే ఉంటాయి, కానీ అవి జేఐఎస్ అనే జపాన్ కొలత ప్రకారం చేసినవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటి అడుగుదాకా కూర్చోదు, గట్టిగా తిప్పగానే పైకి జారి ప్లస్సుని చెక్కేస్తుంది. కార్బురేటర్ స్క్రూలన్నీ అరిగిపోయి కనిపించే బళ్లలో తప్పు చాలాసార్లు స్క్రూది కాదు. జేఐఎస్ డ్రైవర్ ఒక్కటి కొనండి, పెద్ద ఖర్చేం కాదు.

బ్రాండ్ ఏది అని అడుగుతారు. నాసిక్ నుంచి వచ్చే తపారియా, దాంతో పాటు జలంధర్, లూధియానా ఫ్యాక్టరీల పానాలు మన దేశమంతా మెకానిక్‌ల చేతుల్లో ఉన్నవే, ఇంట్లో వాడకానికి అవి ధారాళంగా సరిపోతాయి. పానా మీద క్రోమ్ వనాడియం (గట్టి ఉక్కు రకం) అని ఉందో లేదో, సైజు అచ్చు స్పష్టంగా ఉందో లేదో చూడండి, పేరు లేని మెరుపు సామాను వద్దు. స్నాప్-ఆన్ లాంటి ఖరీదైన అమెరికా బ్రాండ్లు చూసి మనసు పారేసుకోకండి, అవి రోజంతా అదే పని చేసి బతికేవాళ్ల కోసం. దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే ఇంపాక్ట్ గన్ కొనే ఆలోచన ఉంటే దానికి నల్లగా ఉండే క్రోమ్ మాలిబ్డినం గోటీలే వాడాలి, మెరిసే మామూలు గోటీ ఆ దెబ్బలకి పగిలి ముక్క కంట్లోకి ఎగరొచ్చు.

[కెమెరా జాకీ దగ్గరికి]

ఇప్పుడు పిసినారితనం అస్సలు పనికిరాని చోటు. కారు డిక్కీలో ఇచ్చే కత్తెర జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద కారుని నిలబెట్టి కిందకి దూరకండి. ట్రాలీ జాకీ కొన్నా అంతే, దాని లోపల ఉండేది ఆయిల్, ఒక రబ్బరు సీలు పోతే బండి కిందకి దిగిపోతుంది. జాకీ పని లేపడం, మోయడం జాక్ స్టాండ్ పని, అంటే లేపాక కారు కింద పెట్టే ఇనప కాలు. రెండూ కలిపి కొనగలిగినప్పుడే కొనండి, ఒక్కదానికే డబ్బుంటే ఆ నెల ఆగండి. సిమెంటు ఇటుకలు పెట్టేవాళ్లని చూశాను, ఇటుక వంగదు, ఒక్కసారిగా పగులుతుంది. నేలమీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టాలి, నేల చదునుగా గట్టిగా ఉండాలి, లేపే చోటు మాన్యువల్‌లో చూపించిన చోటే అవ్వాలి. పేరున్న చోట కొన్నా పూర్తిగా నిశ్చింత ఉండదు. అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పెద్ద టూల్స్ కంపెనీ 2020లో తన 3 టన్నుల, 6 టన్నుల జాక్ స్టాండ్లని వెనక్కి పిలిపించింది, బరువు మీద ఉన్నప్పుడు ఎత్తుని పట్టి ఉంచే పళ్లు జారి స్టాండు కిందకి దిగిపోయే ప్రమాదం ఉందని. అందుకే స్టాండ్ల మీద కారు దించాక, మనం కిందకి వెళ్లే ముందు, పక్కనుంచి గట్టిగా ఊపి చూస్తాం. విప్పిన చక్రాన్ని కూడా కారు కింద పడుకోబెట్టి ఉంచుతాం.

టార్క్ రెంచ్, అంటే బోల్టు ఎంత బలంతో బిగుస్తుందో కొలిచే పానా, ఇంకో ఖర్చు, దీన్ని చాలామంది దండగ అనుకుంటారు. మీటరు పొడవున్న కడ్డీ చివర 10 కిలోలు వేలాడదీస్తే బోల్టు మీద పడేది సుమారు 98 న్యూటన్ మీటర్లు, తిప్పే బలాన్ని కొలిచేది ఈ లెక్కలోనే. చిన్న కార్ల చక్రం నట్లకి కంపెనీ అడిగేది దాదాపు ఆ చుట్టుపక్కలే, కచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది. టైరు షాపులో కుర్రాడు పైపు తగిలించి దాని మీద ఎక్కి నిలబడితే ఎంత పడుతుందో ఊహించండి, రేపు హైవే మీద పంక్చరైతే ఆ నట్టు మీతో ఊడదు. బైకు ఇంజన్ సంగతి ఇంకా సున్నితం. డ్రెయిన్ బోల్టు ఇనుము, అది కూర్చునే కేసింగ్ అల్యూమినియం. కాస్త బలం ఎక్కువైతే థ్రెడ్డింగ్ పోతుంది, తర్వాత లేత్ షాపు చుట్టూ తిరగాలి. కాకపోతే కారు చక్రాలకి వాడే అర ఇంచీ టార్క్ రెంచ్ బైకు చిన్న బోల్టులకి పనికిరాదు, దాని కొలత మొదలయ్యే దగ్గర నమ్మకం తక్కువ. ఇంట్లో ఏ బండి మీద ఎక్కువ పని చేస్తారో దానికి తగ్గది ఒకటి కొనండి. వాడాక మళ్లీ అతి తక్కువ అంకెకి తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోతుంది. దాంతో బోల్టులు విప్పకూడదు కూడా.

[స్క్రీన్ మీద: 12,000 రూపాయల లెక్క]

డబ్బు కట్టే సంగతి. "నో కాస్ట్ ఈఎంఐ" చూడగానే అందరికీ చేయి జారుతుంది. 12,000 సామాను క్రెడిట్ కార్డు మీద 6 నెలల కిస్తీల్లో తీసుకున్నారు అనుకుందాం, బ్యాంకు వడ్డీ 15 శాతం అనుకుంటే వడ్డీ సుమారు 530 అవుతుంది. ఆ 530 మీకు ముందే డిస్కౌంట్‌గా ఇస్తారు, అందుకే నో కాస్ట్ అంటారు. కానీ బ్యాంకు ఆ వడ్డీని మీ దగ్గర వసూలు చేస్తూనే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 95 దాకా మీ జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని మీద మళ్లీ జీఎస్టీ. మొత్తం 330 దాకా పోయింది. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. 330 పెద్ద మొత్తం కాదు, ఒప్పుకుంటాను. అసలు నష్టం అది కాదు, కిస్తీ ఉంది కదా అని 3,000 కొనాల్సిన చోట 12,000 కొంటాం. పైగా దుకాణంలో నగదుకి తగ్గే ధర కూడా పోగొట్టుకుంటాం.

దుకాణం అంటే, హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ రాణీగంజ్ ఉంది. అక్కడ పానా ఒక్కటి విడిగా అడిగినా ఇస్తారు, చేతిలో పట్టుకుని బరువు చూడొచ్చు, రెండు షాపులు తిరిగితే ధర మీకే అర్థమైపోతుంది. విజయవాడ వాళ్లకి ఆటోనగర్ చెప్పక్కర్లేదు. పాత సామానుకి హైదరాబాద్‌లోనే ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జుమ్మెరాత్ బజార్. పాత పానా, సుత్తి, వైసు (వస్తువుని బిగించి పట్టుకునేది) కొనడానికి భయం లేదు, నోరు విచ్చుకోలేదని, పగులు లేదని చూస్తే చాలు. పాత జాకీ, పాత టార్క్ రెంచ్ మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కొత్తది కొన్న ప్రతిసారీ బిల్లు అడగండి, వారంటీ అన్నది ఆ కాగితంతోనే.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పాత టయోటా క్యామ్రీ కారు కొనుక్కుని చదువుకుంటున్న మనవాళ్లకి ఒక్క ముక్క. ఆటోజోన్, ఓరైలీ లాంటి పార్ట్స్ షాపుల్లో ప్రత్యేకమైన పనిముట్లు అప్పు ఇస్తారు, ధర మొత్తం డిపాజిట్‌గా కట్టించుకుని తిరిగి ఇచ్చాక వెనక్కి ఇచ్చేస్తారు. బేరింగుని లాగి బయటికి తీసే, ఏడాదికి ఒకసారి వాడే బేరింగ్ పుల్లర్ కోసం డబ్బు పోయకండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని లీజులో ఉందేమో చదువుకోండి, చాలా చోట్ల ఉంటుంది. మన దగ్గర అలాంటి అప్పు పద్ధతి షాపుల్లో కనపడదు గానీ, రోజూ వెళ్లే మెకానిక్‌ని పుల్లర్ ఒక్క పూట ఇమ్మంటే చాలామంది ఇస్తారు, ఆయన దగ్గరే పార్టు కొనండి, మర్యాదగా ఉంటుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ కూడా డబ్బాలో పోసి ఆయనకే ఇవ్వండి, డ్రైనేజీలో పోయకండి దయచేసి.

కారుకి ఇంజన్ లైటు వెలిగితే చూసుకోవడానికి బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్ చెప్పే లోపం కోడ్‌ని ఫోన్‌లో చూపించేది, మంచి కొనుగోలే, 2013 తర్వాత వచ్చిన పెట్రోల్, డీజిల్ కార్లకి స్టీరింగ్ కింద ప్లగ్గు ఉంటుంది. అది చెప్పేది కోడ్ మాత్రమే. ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చిందని వెంటనే సెన్సర్ మార్చేయకండి, వైరు ఎలుక కొరికినా అదే కోడ్ వస్తుంది.

చివరగా దాచుకోవడం. విశాఖ, కాకినాడ వైపు వాళ్లు పానాల్ని ఆయిల్ గుడ్డతో తుడిచి పెట్టకపోతే ఒక్క వర్షాకాలంలోనే తుప్పు కనపడుతుంది. ఖరీదైన ట్రాలీ క్యాబినెట్ అక్కర్లేదు, ఒక ఇనప పెట్టె చాలు, ప్రతి దాని మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. ఎందుకంటే పక్కింటి అన్నయ్య అడుగుతాడు, లేదనలేం. ఇచ్చే ముందు ఫోటో తీసి ఆయన వాట్సాప్‌కే పంపించండి, ఎప్పుడు ఇచ్చారో అదే గుర్తు చేస్తుంది. 10 నంబరు గోటీ మాత్రం మొదటిరోజే రెండు కొనుక్కోండి, అన్నిటికంటే ముందు కనపడకుండా పోయేది అదే.

వచ్చే వీడియోలో స్ప్లెండర్ డ్రెయిన్ బోల్టు విప్పి, వాషర్ మార్చి, టార్క్ రెంచ్‌తో బిగించడం చూపిస్తాను.